ఎండపందిరా, డేరానా?

ఏప్రిల్ మొదటి ఆదివారం నాడు లోర్నా కారవాన్‌లో, అంటే కారు వెనక కట్టి లాక్కెళ్ళే చక్రాల ఇంట్లో, సీటు కింది పెట్టె తెరిచి, అడుగున ఉన్న సంచిని బయటికి లాగేసరికి రెండు చుంచెలుకలు అందులోంచి దూకి పరుగు లంకించుకున్నాయి. సంచిలో ఉన్నది డేరా. కారవాన్ పక్కకి తగిలించి, మూడు వైపులా గుడ్డ గోడలతో, జిప్పు తలుపుతో, అచ్చం ఇంకో గదిలాగా నిలబెట్టే పెద్ద డేరా. రెండేళ్ళుగా ఎలుకలు అందులో కాపురం పెట్టి, పిల్లల్ని కని, వాటికి పెళ్ళిళ్ళు కూడా చేసినట్టున్నాయి. గుడ్డ విప్పి చూస్తే జల్లెడే.

"అయ్యయ్యో! మా తమ్ముడి డేరా!" అని థెల్మా గుండెల మీద చెయ్యి వేసుకుంది.

లోర్నాకి మాత్రం లోపల్లోపల ఎంత హాయిగా అనిపించిందంటే, అది ఎక్కడ మొహంలో బయటపడుతుందోనని వంగి, పోయిన ఎలుకల కోసం వెతుకుతున్నట్టు నటించింది.

థెల్మా ఆమెకి ఆడపడుచు. చనిపోయిన భర్త క్లిఫర్డ్‌కి అక్క. వాళ్ళ ఊరు బేకప్‌లోనే రెండు వీధుల అవతల ఒంటరిగా ఉంటుంది. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. ముప్ఫై ఏళ్ళు బస్సుల్లో టికెట్లు తనిఖీ చేసింది. ఆవిడ బస్సు కింది అంతస్తులో నోరు విప్పితే పై అంతస్తులో టికెట్ కొననివాడు తనంతట తానే దిగిపోయేవాడని ఊళ్ళో చెప్పుకునేవారు. లోర్నా ఆమె కంటే ఐదేళ్ళు చిన్న. బడి వంటశాలలో రోజుకి రెండువందల మంది పిల్లలకి వండి వడ్డించి రిటైరయింది. గొంతు పెంచి మాట్లాడటం ఆమెకి ఎప్పుడూ చేతకాలేదు.

క్లిఫర్డ్ బతికున్నంతకాలం, ఆయన పనిచేసే చెప్పుల ఫ్యాక్టరీకి సెలవులిచ్చే మే నెలాఖరు వారంలో మొగుడూ పెళ్ళాం కారవాన్ లాక్కుంటూ ఆంగ్లసీ దీవికి వెళ్ళేవారు. ముప్ఫైనాలుగేళ్ళలో ఒక్క ఏడూ తప్పలేదు. ఆయన పోయాక రెండేళ్ళు కారవాన్ పెరట్లో నాచు పట్టి నిలబడిపోయింది. ఈ చలికాలంలో లోర్నా ఎవరికీ చెప్పకుండా వెళ్ళి, కారు వెనక కారవాన్ కట్టుకుని నడపడం ఒక్కరోజు పాఠంలో నేర్చుకుని వచ్చింది. సంగతి తెలియగానే థెల్మా, "నేనూ వస్తాను. ఒక్కదానివే ఎలా వెళ్తావే?" అంది. వద్దని లోర్నా అనలేకపోయింది. అనాలని కూడా అనిపించలేదు.

"సరే, పోయిందేదో పోయింది. ఇలాంటిదే కొత్తది కొందాం," అంది థెల్మా, ఎలుకలు కొట్టిన గుడ్డని చేత్తో నిమురుతూ.

"పందిరి కొందాం వదినా," అంది లోర్నా.

"పందిరేమిటి?"

"ఎండపందిరి. పైన కప్పు, ముందు రెండు రాటలు, అంతే. గోడలుండవు."

థెల్మా తల తిప్పి, మరదలికి జ్వరమేమైనా వచ్చిందా అన్నట్టు చూసింది.

ప్రెస్టన్ పొలిమేరలో, హైవే పక్కన పెద్ద షెడ్డులో కారవాన్ సామాన్లు అమ్మే దుకాణం ఒకటుంది. మే నెలాఖరున, బయల్దేరే శనివారం పొద్దున్నే ఇద్దరూ ముందు అక్కడికి వెళ్ళారు. గ్రేమ్ అనే బక్కపలచని సేల్స్‌మన్ వాళ్ళని లోపలికి తీసుకెళ్ళాడు. ఆకుపచ్చ తివాచీ మీద వరసగా కారవాన్లు, వాటికి రకరకాల డేరాలు, పందిళ్ళు కట్టి ఉన్నాయి.

"ఇదమ్మా ఎండపందిరి," అన్నాడు. "కారవాన్ అంచున గాడి ఉంటుంది కదా, అందులోకి గుడ్డ అంచు దూర్చి లాగడమే. ముందు రెండు రాటలు, నాలుగు తాళ్ళు. ఒక్కరే పావుగంటలో కట్టేసుకోవచ్చు. బరువు కూడా తక్కువ."

"గోడలేవి?" అంది థెల్మా.

"గోడలు ఉండవమ్మా."

"మరి వాన ఏటవాలుగా కొడితే?"

"కుర్చీ కాస్త వెనక్కి జరుపుకోవాలమ్మా."

"ఎంత వెనక్కి? బేకప్ దాకానా?"

పక్క కారవాన్ చూస్తున్న ముసలాయన నవ్వాడు. గ్రేమ్ ఇబ్బందిగా నవ్వి, పెద్ద డేరా దగ్గరికి నడిచాడు. థెల్మా లోపలికి వెళ్ళి నాలుగు మూలలూ తిరిగి, కిటికీలాంటి ప్లాస్టిక్ గుడ్డని వేలితో తట్టి, అక్కడే ఉన్న కుర్చీలో కూర్చుంది. ఇక లేచేది లేదన్నట్టు చేతిసంచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇదీ డేరా అంటే. బూట్లు విప్పడానికి చోటు, తడిబట్టలు ఆరేసుకోవడానికి చోటు, ఇంకో మనిషొస్తే పడుకోవడానికి చోటు."

"కట్టడానికి ఎంతసేపు పడుతుందో అడుగు వదినా," అంది లోర్నా.

"అలవాటైతే నలభై నిమిషాలమ్మా," అన్నాడు గ్రేమ్.

"అలవాటు కావడానికి?"

గ్రేమ్ తివాచీ వంక చూశాడు. "అదీ... కొందరికి కొన్నేళ్ళు పడుతుందండీ."

"విన్నావా?"

"నీకన్నీ తొందరే!" అంది థెల్మా. "అక్కడికెళ్ళి నువ్వు వెలగబెట్టే రాచకార్యం ఏముంది?"

"కూర్చోవడం," అంది లోర్నా. "ముప్ఫైనాలుగేళ్ళలో అక్కడ నేను చెయ్యని పని అదొక్కటే. ఆయన డేరా కడతాడు, నేను మూల రాట పట్టుకుని నిలబడాలి. కట్టాక లోపల నేల తుడవాలి, వంట చెయ్యాలి, ఇసుక దులపాలి. ఊళ్ళో ఒక ఇల్లు చాలదన్నట్టు అక్కడింకో ఇల్లు. నాకు గోడలొద్దు వదినా. గోడల్లేకపోతే తుడవడానికి నేల కూడా ఉండదు."

"నాకు గోడలు కావాలి. దారిన పోయే ప్రతివాడూ నా పళ్ళెంలోకి తొంగిచూస్తుంటే ముద్ద దిగదు నాకు."

"చూస్తే చూడనీ. నీ పళ్ళెంలో వజ్రాలున్నాయా?"

అప్పటికి చుట్టూ ఏడెనిమిది మంది చేరారు. ఒకావిడ పందిరివైపు, ఆవిడ భర్త డేరావైపు మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ గొడవ ఇంకో జంటకి అంటుకునేలా ఉంది. గ్రేమ్ గబగబా లోపలికెళ్ళి యజమానిని కనుక్కుని వచ్చాడు.

"అమ్మా, ఈ రెండూ చూపించడానికి కట్టి ఉంచినవే. మీ కారవాన్ కొలతకి సరిపోతాయి. రెండూ తీసుకెళ్ళండి. వారం రోజులు వాడి చూడండి. ఏది కావాలో అది ఉంచుకుని రెండోది తెచ్చిచ్చెయ్యండి. డబ్బు అప్పుడు చూసుకుందాం. దయచేసి ఇప్పుడు మాత్రం తీసుకెళ్ళండి."

*

లోర్నా వాళ్ళు ఏటా దిగే నెరిస్ ప్రిచర్డ్ పొలం ఆంగ్లసీ ఉత్తరపు ఒడ్డున ఉంటుంది. గొర్రెలు మేసే పచ్చిక వాలుగా దిగి రాతిగోడ దగ్గర ఆగుతుంది. గోడకి అవతల సముద్రం. లోర్నా కారవాన్‌ని వెనక్కి నడిపి, మొదటిసారే సరిగ్గా గుర్తు దగ్గర నిలబెట్టింది.  నెరిస్ కంచె మీద మోచేతులు ఆనించి, "క్లిఫర్డ్‌కి మూడుసార్లు పట్టేది," అంది. ఆ ఒక్క మాటకే లోర్నా ఇంకో అంగుళం పొడుగైనట్టు నిలబడింది.

పెద్దది కాబట్టి మొదటి మాట థెల్మాదే. డేరా బయటికి వచ్చింది.

గుడ్డని గాడిలోకి దూర్చి లాగడానికే అరగంట పట్టింది. తర్వాత గొట్టాలు. అవి పద్దెనిమిది. థెల్మా ముక్కు మీదికి కళ్ళజోడు జార్చి, కాగితం పట్టుకుని చదవడం మొదలుపెట్టింది. లోర్నాకి ఎవరూ చెప్పకుండానే కాళ్ళు అలవాటు చొప్పున మూల రాట దగ్గరికి నడిచాయి. చేతులు దాన్ని పట్టుకున్నాయి.

"ఎత్తు! ఇంకా ఎత్తు! ఎడమకి! ఎడమకి అంటుంటే!"

"ఎడమకే జరుపుతున్నాను వదినా."

"నీ ఎడమ కాదే, నా ఎడమ!"

లోర్నా చటుక్కున తల తిప్పి చూసింది. ఆ గొంతులో క్లిఫర్డ్ ఉన్నాడు. అదే విరుపు, అదే ఊపిరి, 'నా ఎడమ' అన్నప్పుడు అదే పొడుగు దీర్ఘం. రెండేళ్ళ తర్వాత ఆయన పక్కనే నిలబడ్డట్టు అనిపించి కళ్ళు చెమర్చాయి. ఆ మరుక్షణమే ఒళ్ళు మండిపోయింది. ఆమె రాట వదిలేసి, గోడ సందులోంచి ఒడ్డుకి దిగి వెళ్ళిపోయింది. వెనక ఏదో పెద్దగా కూలిన చప్పుడైంది. ఆమె తిరిగి చూడలేదు.

ఒడ్డున గులకరాళ్ళ మీద ఇరవై నిమిషాలు కూర్చుంది. క్లిఫర్డ్ మంచివాడు. తాగుబోతు కాదు, చెయ్యెత్తలేదు, జీతం దాచుకోలేదు. డేరా కట్టేటప్పుడు తప్ప అరిచేవాడు కాదు. ఆ ఒక్క మధ్యాహ్నం కోసం ఇన్నేళ్ళు పళ్ళు బిగపట్టి నిలబడ్డానే, ఒక్కసారైనా రాట వదిలేసి ఇలా వచ్చి కూర్చుని ఉంటే ఏమయ్యేది? బహుశా ఆయన నవ్వేవాడేమో. అలా అనుకునేసరికి ఆమెకే నవ్వొచ్చింది.

తిరిగొచ్చేసరికి డేరా దగ్గర నల్లకుక్కతో ఒక పెద్దాయన నిలబడి ఉన్నాడు.

"నా పేరు ఇద్వల్. పైనున్న కారవాన్ నాది," అన్నాడు టోపీ తీసి. "దీని కింద ఒకావిడ ఉన్నారు. బయటికి దారి దొరకడం లేదట. నేను సాయం చెయ్యబోతే తిడుతున్నారు."

"ఎవరు నువ్వు? నా మరదల్ని పిలు!" అని గుడ్డ కిందినుంచి కేక వచ్చింది.

లోర్నా గుడ్డ ఎత్తింది. ఎర్రబడ్డ మొహంతో, చెదిరిన జుట్టుతో థెల్మా బయటికి పాక్కుంటూ వచ్చింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తర్వాత ఇద్దరికీ గుర్తులేదు.

ఇద్వల్ సాయం పట్టాక, మొత్తం రెండున్నర గంటలకి డేరా నిలబడింది. కాస్త ఒక పక్కకి ఒరిగింది గానీ నిలబడింది. ఆ సాయంత్రం వానొస్తే లోపల కూర్చుని, బంగాళాదుంపలు వేసిన గొర్రెమాంసం పులుసు పొగలు కక్కుతుండగా తిన్నారు. వెచ్చగా ఉంది. ఆ మాట లోర్నా ఒప్పుకుంది కూడా. కానీ మర్నాడు ఎండ కాసినా థెల్మా జిప్పు తియ్యనివ్వలేదు. ప్లాస్టిక్ కిటికీలోంచి సముద్రం నీళ్ళు కలిపిన పాలలా కనిపించింది. దారిన పోతున్నవాళ్ళ మాటలు వినబడుతున్నాయి, మనుషులు కనబడటం లేదు. లోర్నా రెండుసార్లు నేల తుడిచింది.

మూడోనాడు పొద్దున్నే డేరా విప్పి, పందిరి కట్టింది. ఒక్కతే కట్టింది. థెల్మా గడియారం పట్టుకుని కూర్చుంది.

"పద్నాలుగు నిమిషాలు," అంది, పోగొట్టుకున్నదేదో చెబుతున్నట్టు. "ఇందులో నా పరువుకి చోటేదీ?"

"కుర్చీలో పెట్టుకుని కూర్చో వదినా."

థెల్మా కుర్చీని కారవాన్ గోడకి అంటించి, వీపు లోకానికి తిప్పి కూర్చుంది. పది నిమిషాల్లో ఇద్వల్ కుక్క మోస్ వచ్చి ఆవిడ ఒడిలో తల పెట్టింది. కుక్క వెనక ఇద్వల్ వచ్చాడు. ఇద్వల్‌కి టీ ఇస్తుండగా సైకిళ్ళ మీద తిరుగుతున్న డచ్చి దంపతులు యోస్ట్, విల్మా నీళ్ళ కొళాయి ఎక్కడని అడగడానికి ఆగారు. కొళాయి చూపించి ఊరుకుంటే ఏమయ్యేదో గానీ, యోస్ట్ తమ దేశంలో బస్సుల్లో టికెట్ లేకుండా ఎక్కడం కుదరదని ఏదో సందర్భంలో అన్నాడు. థెల్మా కుర్చీ ఇటు తిప్పింది.

"కుదరదా? బాబూ, కూర్చో. నీకు చెబుతాను."

మధ్యాహ్నానికి పందిరి కింద తొమ్మిదిమంది ఉన్నారు. నెరిస్ పొద్దున్నే చేసిన ఎండుద్రాక్ష రొట్టె పట్టుకొచ్చింది. థెల్మా వెన్న రాస్తూ, టీ పోస్తూ, చంకలో బాతుతో బస్సెక్కి దానికి పిల్లల టికెట్ అడిగినవాడి కథ చెబుతోంది. మాట మాటకీ నవ్వులు. లోర్నా అంచున, ఎండా నీడా కలిసేచోట కాళ్ళు చాపుకుని కూర్చుంది. టీ ఆమె చేతికే వచ్చింది. రొట్టె ఆమె చేతికే వచ్చింది. ఎదురుగా సముద్రం, ఏ ప్లాస్టిక్కూ అడ్డం లేకుండా, నీలంగా ఉంది.

అందరూ వెళ్ళాక థెల్మా కప్పులు కడుగుతూ, "మా ఇంట్లో ఆర్నెల్లకి ఇంతమంది రారు," అంది. కాసేపాగి, "అయినా వానొస్తే తెలుస్తుంది నీ పందిరి సంగతి," అని కూడా అంది.

*

వాన ఐదోనాడు వచ్చింది. ముందు గాలి వచ్చింది. పది గంటలకి నెరిస్ నాలుగు చక్రాల బండి మీద పొలమంతా తిరిగి, "మధ్యాహ్నం దాటాక గట్టిగా వీస్తుందట. పందిళ్ళు దింపుకోండి!" అని చెప్పి వెళ్ళింది. వాళ్ళ పందిరి ఐదు నిమిషాల్లో దిగి సంచిలోకి వెళ్ళింది. మూడుకల్లా కారవాన్ ఉయ్యాలలా ఊగుతోంది. ఇద్దరూ లోపల పేకాడుతూ కూర్చున్నారు.

పిల్లల ఏడుపు విని లోర్నా కిటికీ తుడిచి చూసింది. పొలం దిగువ మూల ముందురోజు వేసిన నీలం గుడారం ఇప్పుడు లేదు. గుడ్డ గోడకి చుట్టుకుని కొట్టుకుంటోంది. ఒక యువకుడు విరిగిన కర్రలు పట్టుకుని వానలో నిలబడ్డాడు. అతని భార్య ఒక్కో చంకలో ఒక్కో పసిబిడ్డతో కారు తలుపు మోకాలితో తెరవడానికి తంటాలు పడుతోంది.

థెల్మా అప్పటికే కోటు తొడుక్కుంది. "ఏయ్! ఇటు! ఇటు రండి!" అన్న కేకకి గాలి కూడా ఒక్క క్షణం ఆగినట్టయింది.

వాళ్ళు హ్యూ, కార్యస్. ఎనిమిది నెలల కవలలు. కారవాన్‌లో ఉన్నవి రెండే పక్కలు, మధ్యలో మనిషి తిరగడానికి జానెడు చోటు. పిల్లల్ని థెల్మా పక్క మీద పడుకోబెట్టి తడిబట్టలు మార్చేసరికి ఇక ఊపిరాడటానికి కూడా చోటు మిగల్లేదు.

"మేం ఇంటికి వెళ్ళిపోతాంలెండి," అంది కార్యస్. ఏడుపు ఆపుకుంటోందని తెలుస్తూనే ఉంది. "మూడున్నర గంటల ప్రయాణం అంతే. వీళ్ళు పుట్టాక ఇదే మొదటిసారి బయటికి రావడం..."

"ఈ గాలిలో సముద్రం మీది వంతెన దాటి వెళ్తారా? బాగానే ఉంది!" అంది థెల్మా.

లోర్నా తలుపు తెరిచి బయట నిలబడింది. గాలి పొలం పైవైపు నుంచి వచ్చి కారవాన్ వీపుకి కొడుతోంది. తలుపు వైపు మాత్రం వాన జల్లుగా పడుతోందే తప్ప గాలి లేదు. పొడుగాటి కారవాన్ మొత్తం అడ్డంగా నిలబడి కాపు కాస్తోంది. ఆమె లోపలికి తొంగిచూసి, "వదినా, డేరా తియ్యి," అంది.

"ఇప్పుడా? గాలికి మనిద్దరం ఐర్లండ్‌లో తేలతామే!"

"గాలి అటువైపుంది. ఇటు తగలదు. తియ్యి వదినా."

ఇద్వల్ వచ్చాడు. యోస్ట్, విల్మా వచ్చారు. లోర్నా ముక్కాలిపీట ఎక్కి నిలబడింది. బడి భోజనాల గదిలో రెండువందల మందిని వరసలో నిలబెట్టిన గొంతు అది. పెద్దది కాదు, తొందరపడదు.

"ఇద్వల్, కొళాయి వైపు మూల మీది. హ్యూ, కంచె వైపు మూల. నేను చెప్పేదాకా ఎత్తకండి. యోస్ట్, ముందు కింది మేకులు కొట్టండి, పై తాళ్ళ సంగతి తర్వాత. విల్మా, గుడ్డ మీద నిలబడండి, ఎగరకుండా. వదినా, నాతో పాటు లాగు."

ఎడమా కుడీ అన్న మాటే ఆమె నోట రాలేదు. కొళాయి వైపు, కంచె వైపు, సముద్రం వైపు. ఏ గొట్టం దేనిలోకి వెళ్ళాలో ఆమె కాగితం చూడలేదు. ఇన్నేళ్ళు మూలన నిలబడి క్లిఫర్డ్ ఏటా ఎక్కడెక్కడ తప్పు చేసేవాడో చూస్తూ వచ్చింది. ఆ తప్పులన్నీ ఆమెకి కంఠస్థం. అవి తీసేస్తే మిగిలినదే పద్ధతి. థెల్మా జుట్టులోంచి నీళ్ళు కారుతుండగా తాడు లాగింది, చెప్పినప్పుడు ఆపింది, చెప్పినప్పుడు కట్టింది. అంతసేపు నోరు మెదపకుండా ఉండటం ఆవిడ జీవితంలో అదే మొదటిసారేమో.

యాభై నిమిషాలకి డేరా నిలబడింది. ఒక్క అంగుళం కూడా ఒరగలేదు.

లోపల నేల మీద పట్టా పరిచి, కారవాన్‌లోని పరుపులు, ఇద్వల్ తెచ్చిన కంబళ్ళు వేశారు. కవలలు పాలు తాగి నిద్రపోయారు. హ్యూ వాళ్ళ పక్కన కూర్చునే కునుకు తీశాడు. సాయంత్రం ఆరింటికి వాన సన్నబడింది. థెల్మా, లోర్నా కారవాన్ మెట్టు మీద ఇరుక్కుని కూర్చుని టీ తాగుతున్నారు.

"నేను నా మొగుడు రాన్‌ని వదిలేసి వచ్చిన ఏడు నీకు గుర్తుందా?" అంది థెల్మా ఉన్నట్టుండి. గొంతు తగ్గించింది. ఆవిడకి గొంతు తగ్గించడం కూడా తెలుసా అని లోర్నాకి ఆశ్చర్యమేసింది.

"గుర్తుంది."

"ఒక్క సంచితో మీ వెనకే ఇక్కడికి వచ్చేశాను. బయల్దేరే ముందు పొలానికి ఒక ఫోన్ చేశానంతే. డేరాలో నాకోసం మడతమంచం వేసి ఉంది. దుప్పటి, దిండు, దిండు పక్కన లైటు. ఏమైందని ఒక్కరూ అడగలేదు. వారంరోజులు ఆ డేరాలో పడుకున్నాను. మా తమ్ముడు నాకు చేసిన మేలు అంతా ఇంతా కాదే. అందుకే గోడలు, గోడలు అని ప్రాణం తీశాను నీది. ఇంకో మనిషొస్తే చోటుండాలి కదా."

లోర్నా కప్పులోకి చూసింది. చెప్పాలా వద్దా అని కాసేపు ఊగిసలాడింది.

"వదినా, మీ తమ్ముడికి నువ్వొస్తున్నట్టు కూడా తెలీదు. చేపలు పట్టడానికి వెళ్ళాడు ఆ పూట. నువ్వు ఫోన్ చేసి నెరిస్ వాళ్ళ అత్తగారితో చెప్పావు, ఆవిడొచ్చి నాకు చెప్పింది. మంచం నేనే అడిగి తెచ్చి వేశాను."

థెల్మా చేతిలోని కప్పు మెట్టు మీద పెట్టింది.

"లైటు కూడానా?"

"లైటు కూడా. నీకు చీకటంటే భయమని ఎప్పుడో అన్నావు."

"నాకా? భయమా?" అని థెల్మా మామూలు గొంతుతో అంది. లోపల పిల్లలు కదలగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చెయ్యి తీశాక కళ్ళు తుడుచుకుంది. "అయితే ఏటా క్రిస్మస్‌కి వాడికి కొనిచ్చిన విస్కీ సీసాలన్నీ నీకు రావాల్సినవన్నమాట."

"నేను విస్కీ తాగను వదినా."

"అదే నయం. చాలా సీసాలు," అంటూ థెల్మా మరదలి భుజం మీద తల ఆనించింది. ఆవిడ తల బరువుగా, తడిగా ఉంది. లోర్నా కదలకుండా టీ చల్లారేదాకా అలాగే కూర్చుంది.

*

మర్నాడు కడిగినట్టు తెల్లవారింది. హ్యూ, కార్యస్ మిగిలిన రెండురోజులూ డేరాలోనే ఉండేట్టు ఖాయమైంది. థెల్మా మాత్రం పొద్దుటినుంచీ సణుగుతోంది.

"ఒక్కరూ రావడం లేదే. లోపల పసిపిల్లలు నిద్రపోతున్నారని దూరంగా తప్పుకుపోతున్నారు. ఇద్వల్ కూడా చెయ్యి ఊపి వెళ్ళిపోయాడు. పందిరే నయం. గోడలుంటే మనుషులెలా వస్తారు?"

"నాకైతే డేరానే బాగుంది," అంది లోర్నా.

"నీకా!"

"నేను కడితే బాగుంది."

ఇద్దరూ మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి అటుదిటు ఇటుదటు. థెల్మా పందిరి పక్షం, లోర్నా డేరా పక్షం. కార్యస్ ఒక బిడ్డకి తినిపిస్తూ, ఇద్దరిలో ఎవరు ఏమంటున్నారో అర్థంకాక బిక్కమొహం వేసింది. చివరికి లోర్నా లేచి, ముందు గోడ రెండు అంచుల జిప్పులూ పైదాకా లాగింది. పైన అడ్డంగా ఉన్న ఇంకో జిప్పు లాగింది. ముందు గోడ మొత్తం ఊడి ఆమె చేతుల్లోకి వచ్చింది. దాన్ని చాపలా చుట్టి కారవాన్ కింద పెట్టింది. డేరా ముందు వైపంతా తెరుచుకుని సముద్రం, పొలం, గొర్రెలు, కుక్కతో కిందికి దిగుతున్న ఇద్వల్ ఒక్కసారిగా లోపలికి వచ్చినట్టయింది.

"ఇదిగో నీ పందిరి," అంది.

థెల్మా నోరు తెరుచుకుని చూసింది. "అది ఊడుతుందా?"

"ఊడుతుంది."

"పాతదీ ఊడేదా? తమ్ముడికి తెలుసా?"

"ఏటా చెప్పేదాన్ని. గాలొస్తుంది వద్దనేవాడు."

"మొండిఘటం," అంది థెల్మా. "మా అమ్మ గారాబం వాడికి." వెంటనే బయటికి తిరిగి, "ఇద్వల్! ఏం మనిషివయ్యా నువ్వు, చూసీ చూడనట్టు పోతున్నావు? రా, టీ పెడుతున్నాను. ఆ డచ్చివాళ్ళని కూడా పిలువు!" అని కేకేసింది. కవలలిద్దరూ ఆ కేకకి ఏడవలేదు. కిలకిలా నవ్వారు.

శనివారం మధ్యాహ్నం ప్రెస్టన్ దుకాణంలో గ్రేమ్ వాళ్ళిద్దరినీ దూరం నుంచి చూసి, టై సవరించుకుని, ధైర్యం తెచ్చుకుని ఎదురొచ్చాడు. లోర్నా పందిరి సంచి బల్ల మీద పెట్టింది.

"ఇది మీది. తుడిచి, ఆరబెట్టి మడతపెట్టాను. డేరా మేం ఉంచుకుంటాం."

"అంటే... ఇద్దరూ ఒకే మాట మీద ఉన్నారా?" అన్నాడు గ్రేమ్ నమ్మలేనట్టు.

"ఎందుకుండం? మేమెప్పుడైనా పోట్లాడుకున్నామా?" అంది థెల్మా.

బిల్లు రాస్తున్నంతసేపూ ఆవిడ గ్రేమ్‌కి ముందు గోడ జిప్పు ఎలా తియ్యాలో, గాలి ఎటు వీస్తే డేరా ఎటు కట్టాలో వివరంగా చెప్పింది. రోజూ అవే అమ్ముకునే గ్రేమ్ అన్నింటికీ బుద్ధిగా తలూపాడు.

కారు హైవే ఎక్కాక థెల్మా కిటికీ దించి, "ఆగస్టులో మళ్ళీ నెరిస్ వాళ్ళ పొలానికేనా?" అని అడిగింది.

"కాదు వదినా," అంది లోర్నా అద్దంలో వెనక వస్తున్న కారవాన్‌ని ఓసారి చూసుకుని. "ఉత్తరానికి పోదాం. స్కాట్లండ్. ఇన్నేళ్ళూ నేనొక్కసారి కూడా చూడలేదు."

"అంత దూరమా? అక్కడ వానలటే. దోమలటే. రోడ్లు కూడా సన్నవట."

"అయితే రావా?"

"రానని ఎవరన్నారే? మ్యాపు ఎక్కడుంది?" అంటూ థెల్మా ముందున్న అర తెరిచి కాగితాలన్నీ ఒళ్ళోకి గుమ్మరించుకుంది.